ఒకే బడిలో నేర్చిన అంకెలు

1969 వేసవిలో నన్ను హైదరాబాదు నగరంలోని గణాంక కార్యాలయం నుంచి మొయినాబాద్ ఉపకేంద్రానికి పంపారు. ఉపకేంద్రం అన్న మాట ఉత్తర్వులో గంభీరంగానే ఉంది గానీ, వచ్చి చూస్తే అది చేవెళ్ల రోడ్డు పక్కన కిరాయికి తీసుకున్న పెంకుటిల్లు. ఇంటాయన వడ్ల బస్తాలు పెట్టుకునే పొడవాటి గదిలో మా యంత్రాలు వేశారు. వంటగదిలో కార్డుల పెట్టెలు పేర్చారు. అప్పుడు నగరంలో ప్రత్యేక తెలంగాణ ఆందోళన ముమ్మరంగా ఉంది. ఒకనాడు బందు, ఒకనాడు కర్ఫ్యూ. ఆఫీసుకు వెళ్లినా పని నడిచేది కాదు. కొంత పనినైనా ఊరవతల సాగించాలని పైవాళ్ల ఆలోచన. మాది మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ అనే పల్లె కనుక నేను అడగకుండానే నా పేరు వెళ్లేవాళ్లలో చేరింది. అడగకుండా వచ్చిన మేలును నేనెప్పుడూ నమ్మను. దీని వెనక ఏదో ఉందని ఆ రోజే అనుకున్నాను.

మా వృత్తి ఇప్పుడు చాలామందికి తెలియదు కనుక కొంచెం చెప్పాలి. కంప్యూటర్లు బల్లల మీదికి రాకముందు లెక్కలన్నీ అట్టకార్డుల మీద నడిచేవి. ఊళ్ల నుంచి వచ్చిన సర్వే కాగితం చూస్తూ పంచింగ్ యంత్రం మీద అంకెలు కొడితే కార్డుకు చిల్లులు పడేవి. చిల్లు ఉన్న చోటునుబట్టి అది ఏ అంకో లెక్కల యంత్రం గుర్తుపట్టేది. ఒకామె కొట్టిన కార్డును, ఆ కాగితంతో సహా, వెరిఫయర్ అనే రెండో యంత్రం దగ్గర కూర్చున్న మరో ఆపరేటరుకు ఇచ్చేవాళ్లం. మొదటి ఆమె ఏం కొట్టిందో చూడకుండా, కాగితం మాత్రమే చూసి రెండో ఆమె మళ్లీ అవే అంకెలు కొట్టాలి. రెండూ కలిస్తే కార్డు కుడి అంచున చిన్న గంటు పడుతుంది, ఆ కార్డు సరైనదని అర్థం. కలవకపోతే మీటలు బిగుసుకుని ఎర్రదీపం వెలుగుతుంది. అప్పుడు ఇద్దరూ కాగితం ముందు పెట్టుకుని తప్పెవరిదో తేల్చుకోవాలి. రెండో మనిషికి సర్కారు జీతం ఇచ్చేది మొదటి మనిషిని నమ్మకుండా ఉండడానికే. నా స్వభావానికి ఇంతకన్నా సరిపోయే కొలువు దొరకదని మా బాపు నవ్వేవాడు.

నా హోదా సీనియర్ ఆపరేటర్. కాగితాల కట్టలను జతలకు పంచడం, పూర్తయిన కార్డులను సరిచూసి పెట్టెల్లో వేసి నగరానికి పంపడం నా పని. అది కాక, మా ఆపరేటర్ల సంఘానికి నేను కార్యదర్శిని. సంఘం చిన్నది, కోరికలు పెద్దవి. టైపిస్టులకు పరీక్షలున్నాయి, వాటినిబట్టి హోదాలున్నాయి. మాకు పరీక్ష లేదు, హోదా లేదు, కళ్లు లాగేదాకా కొట్టినా విరామం ఇంత అన్న లెక్క లేదు. అన్నిటికన్నా ముఖ్యం, తప్పు జరిగితే ఎవరి బాధ్యత ఎంతవరకు అన్న నియమం లేదు. కాగితంలో ఉన్నదాన్ని కొట్టడం ఆపరేటర్ పనా, కాగితమే తప్పుగా ఉంటే అడగడం కూడా ఆమె పనా? ఈ ప్రశ్నకు జవాబు రాసి ఇవ్వమని మేము ఎన్నోసార్లు అడిగాం. పైవాళ్లు మమ్మల్ని గుమాస్తాల్లోనూ లెక్కపెట్టలేదు, మెకానిక్కుల్లోనూ లెక్కపెట్టలేదు. జవాబు రాలేదు.

ఉపకేంద్రంలో మేము రెండు రకాలు. ముల్కీలు, అంటే హైదరాబాదు రాష్ట్రపు పాత స్థానికులు. నాన్-ముల్కీలు, అంటే కోస్తా నుంచి వచ్చినవాళ్లు. మాకు రావలసిన ఉద్యోగాల్లో వాళ్లు కూర్చున్నారన్నది మా ఫిర్యాదు, అది అబద్ధమని నేను ఇప్పటికీ అనను. అయితే ఆ ఫిర్యాదు మా గదిలోకి వచ్చాక మనుషులు ఒకరి టిఫిన్ డబ్బా వైపు కూడా ఒకరు అనుమానంగా చూడడం మొదలైంది. ఎదురెదురుగా కూర్చుని పనిచేసే జతలు మాట్లాడుకోవడం మానేశాయి. ఎర్రదీపం వెలిగితే చాలు, కావాలనే తప్పు పట్టిందని ఒకామె, కావాలనే తప్పు కొట్టిందని ఇంకొకామె. చివరికి రెండు వైపుల వాళ్లూ వేరువేరుగా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి ఒకే కోరిక కోరారు. ముల్కీలను ముల్కీలతో, నాన్-ముల్కీలను నాన్-ముల్కీలతో జత చేయమన్నారు.

సూపర్‌వైజర్ నరసింగరావు నగరం మనిషి. గొడవ లేకుండా నెల గడిస్తే చాలనుకునే రకం. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. కిటికీ వైపు మా వాళ్లు, గోడ వైపు వాళ్లు కూర్చున్నారు. ఆ మార్పు తర్వాత ఒక విచిత్రం జరిగింది. గదిలో గొడవలు తగ్గడమే కాదు, ఎర్రదీపాలు కూడా తగ్గాయి. నరసింగరావు సంబరపడిపోయి, జతలు మార్చినందువల్ల తప్పులు బాగా తగ్గాయని నగరానికి నివేదిక రాశాడు. నాకు చదివి వినిపించాడు కూడా.

“మనసు ప్రశాంతంగుంటె చెయ్యి ప్రశాంతంగుంటది సుగుణమ్మా. నేను ముందే జెప్పిన గద” అన్నాడు.

మనసు ప్రశాంతంగా ఉన్నవాళ్లెవరూ నాకు ఆ గదిలో కనబడలేదు. అవే చేతులు, అవే కాగితాలు, అవే యంత్రాలు. తప్పులు ఎందుకు తగ్గాలి? ఒకరి తప్పును ఒకరు కప్పిపుచ్చుతున్నారేమోనని నాకు అనుమానం వచ్చింది. ముఖ్యంగా గోడ వైపు జతల మీద. ఆ సంగతి దాచను.

ఆ నెలలో మేము చేస్తున్నది చేవెళ్ల తాలూకా బావుల సర్వే. ప్రతి రైతుకూ ఒక కాగితం. బావి ఎంత లోతు, దాని కింద ఎంత భూమి పారుతుంది అన్న వివరాలు అందులో ఉంటాయి. ఎకరానికి నలభై గుంటలు. ఎకరాలూ గుంటలూ విడిగా రాస్తే యంత్రం కూడికకు అడ్డమని, భూమిని మొత్తం గుంటల్లోనే రాయమని ఆదేశం. ఎక్కడ బావుల కింద ఎక్కువ పొలం ఉంటే అక్కడ ముందుగా కరెంటు తీగలు లాగి మోటార్లకు కనెక్షన్లు ఇస్తారని ఊళ్లలో చెప్పారు. కనుక రైతులకు ఆ కాగితాలంటే లోకువ కాదు.

చేవెళ్ల వైపు ఊళ్ల కట్టలు ముందు వచ్చాయి. అప్పుడు ఖాళీగా ఉన్నది గోడ వైపు జత, సీతారత్నం, వసుంధర. వాళ్లకిచ్చాను. తర్వాత వచ్చిన మొయినాబాద్ వైపు కట్టలు కిటికీ వైపు యాదమ్మ జతకు ఇచ్చాను. ఇందులో నా ఎంపిక ఏమీ లేదు. ఈ మాట తర్వాత ఎంతమందికి చెప్పానో, ఒక్కరు నమ్మినట్టు లేదు.

కార్డులు నగరానికి వెళ్లాయి, మొత్తాలు అచ్చయ్యాయి. గుట్టుగా ఉండవలసిన ఆ కాగితం ఎవరి ద్వారానో చేవెళ్ల చేరింది. ఒకరోజు పొద్దున ఆలూరు, ఆ చుట్టుపక్కల ఊళ్ల రైతులు బస్సు దిగి నేరుగా మా ఇంటి గుమ్మంలోకి వచ్చారు. వాళ్లకు పెద్ద ఆలూరు మల్లయ్య. కేకలు వేయలేదు, బెదిరించలేదు. గడపలో నిలబడి యంత్రాలన్నిటినీ ఒక్కొక్కటే చూశాడు.

“మా బాయిల నీళ్లు ఏండ్లసంది పొలానికి సాలినయి. మీ మిషన్లకు వచ్చినంక ఎట్ల ఎండిపోయినయమ్మా?” అన్నాడు.

లెక్కలో చేవెళ్ల వైపు ఊళ్ల బావుల కింద భూమి నామమాత్రంగా తేలింది. మొయినాబాద్ వైపు ఊళ్లకు మాత్రం ఎవరూ ఊహించనంత వచ్చింది. నేను ఏదో చెప్పబోతే మల్లయ్య నన్ను ఆపాడు.

“నీది హిమాయత్‌నగరట గద బిడ్డా. మీ దిక్కు బాయిలు పొంగినయట. కట్టలు పంచేది గూడ నువ్వేనట.”

అంతవరకు అందరినీ అనుమానించే పని నాది. నన్ను అనుమానించడం అదే మొదలు.

ప్రతి కార్డు చివరన కొట్టినామె నంబరు, సరిచూసినామె నంబరు ఉంటాయి. చేవెళ్ల కార్డులన్నీ తీయిస్తే అన్నిటి మీదా సీతారత్నం, వసుంధరల నంబర్లే. ఇక ఎవరికీ వేరే వివరణ అక్కరలేకపోయింది. ఆంధ్రా ఆపరేటర్లు మన భూములు కోసేశారన్న మాట సాయంత్రానికల్లా రోడ్డు పొడవునా పాకింది. మర్నాడే వసుంధర సెలవుచీటీ రాసిచ్చి ఊరెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. మిగిలింది సీతారత్నం ఒక్కతే. నరసింగరావు ఆమెకు అభియోగపత్రం ఇచ్చాడు. ఉద్దేశపూర్వకంగా తప్పుడు అంకెలు కొట్టి ప్రభుత్వ లెక్కలను చెడగొట్టిందని అందులో ఉంది. దానితోపాటు పని నుంచి పక్కన పెట్టాడు.

సీతారత్నం తెనాలి వైపు మనిషి. భర్త పోయాడు, తల్లిని తనే పోషించాలి. తాత్కాలిక ఉద్యోగి. తాత్కాలిక ఉద్యోగిని నెల నోటీసుతో కారణం చెప్పకుండా తీసేయవచ్చు. కానీ కారణం చెప్పి, ఆ కారణం ఆమె నడతకు మచ్చ తెచ్చేదైతే విచారణ జరపాలి. ఆ విచారణలో ఆమె తరఫున మరో ఉద్యోగి సహాయకుడిగా ఉండవచ్చు. మోసం చేసినందుకు తొలగింపబడింది అన్న మాట సర్వీసు రిజిస్టరులో ఎక్కితే ఆమెకు ఇంకే సర్కారు కొలువూ దొరకదు. ఆమె సంఘం సభ్యురాలు, చందా కట్టిన మనిషి. సహాయకురాలిగా ఉండమని నాకు రాతపూర్వకంగా కోరిక పంపింది.

యాదమ్మ నాతో మాట్లాడడం మానేసింది. యాదమ్మ మా సంఘంలో అందరికన్నా చురుకైనది, ఆందోళనలో నల్ల బ్యాడ్జీ మొదట పెట్టుకున్నదీ ఆమే.

“మన పిల్లలు రోడ్ల మీద తూటాలకు ఎదురు వోతున్నరు. నువ్వు గామె పక్కన కూసుంటవా అక్కా?” అని మాత్రం ఒకసారి అడిగింది.

నేను వెళ్లింది జాలితో కాదు. నిజానికి నాకు సీతారత్నం మీద నమ్మకం లేదు. ఎవరితో కలవదు. ఆదివారం ఆదివారం చేవెళ్ల బస్సెక్కి ఎక్కడికో పోతుంది. చేవెళ్ల లెక్కలే ఎందుకు తగ్గాయి, ఆమెకు చేవెళ్లలో ఎవరున్నారు అని నేను లోలోపల కలిపి చూసుకున్నాను. అయినా, నియమం లేని చోట ఒకరిని ఇలా తీసేస్తే రేపు ఆ దారి అందరికీ తెరుచుకుంటుంది. కార్యదర్శిగా అది ఊరుకోదగ్గది కాదు. ఆమె కిరాయికి ఉన్న గదికి వెళ్లి ముందుగా చేవెళ్ల సంగతే అడిగాను.

“అక్కడి ఆసుపత్రిలో నర్సు మా ఊరి పిల్లండీ. వారానికోసారి మా మాటలో నాలుగు మాటలు మాట్లాడుకుంటాం. అది కూడా నేరమేనా?” అంది. తర్వాత నా మొహంలోకి సూటిగా చూసింది. “మీరు నన్ను కాపాడ్డానికి వచ్చారా, పట్టివ్వడానికి వచ్చారా?”

“కాగితం ఏం జెప్తె అది. నువ్వు జేసినవని తేలితె నేను దాచ. నచ్చకుంటె ఇంకొకరిని పెట్టుకో” అన్నాను.

“వద్దు, మీరే ఉండండి. నన్ను నమ్మేవాళ్లెవరైనా వచ్చి చెబితే ఎవరూ వినిపించుకోరు” అంది. ఆ జవాబు నాకు నచ్చింది. మనిషి నచ్చిందని కాదు.

విచారణాధికారి నగరం నుంచి వచ్చాడు. కోస్తా మనిషి, పదవీ విరమణకు దగ్గరపడినవాడు. ఆయన వస్తున్నాడని తెలియగానే మా వాళ్లు, ఇంకేముంది, వాళ్లూ వాళ్లూ ఒకటైపోతారని చెవులు కొరుక్కున్నారు. సహాయకురాలిగా నేను ఒకే ఒక కోరిక కోరాను. చేవెళ్ల కట్టలోంచి కొన్ని కాగితాలు అప్పటికప్పుడు తీసి, అందరి ముందు సీతారత్నం చేత మళ్లీ కొట్టించాలి. వాటిని గోడ వైపు వాళ్లు కాదు, నేను సరిచూస్తాను. నా లెక్క తేలికైనది. ఆమె మోసం చేసి ఉంటే అందరి కళ్లముందు సరిగా కొడుతుంది. అప్పుడు పాత కార్డుకూ కొత్త కార్డుకూ తేడా బయటపడుతుంది. ఆమెను కాపాడే పరీక్షలో ఆమెను పట్టించే పరీక్ష కూడా ఉంది. విచారణాధికారి ఒప్పుకున్నాడు. సీతారత్నం యంత్రం ముందు కూర్చుని, తడుముకోకుండా కొట్టి కార్డులు ఇచ్చింది.

నేను వెరిఫయర్ ముందు కూర్చున్నాను. మొదటి కార్డుకే మీటలు బిగుసుకున్నాయి. ఎర్రదీపం వెలిగింది. మళ్లీ కొట్టాను, మళ్లీ వెలిగింది. ఆమె పాత కార్డు తెప్పించి చూస్తే కొత్తదీ పాతదీ ఒకేలా ఉన్నాయి. అందరి ముందు కూడా ఆమె అదే అంకె కొట్టింది, ఏ మార్పూ లేదు. కాగితం మీద బావి కింద భూమి అన్నచోట రెండు అన్న ఒక్క అంకె, దాని పక్కన చిన్న చుక్క ఉంది. ఆమె రెండు అని కొట్టింది. నేను ఇరవై అని కొట్టాను.

విచారణాధికారి కళ్లజోడు సవరించుకుని కాగితం చూశాడు. “ఇది రెండే కదమ్మా. పక్కన ఉన్నది ఫుల్‌స్టాప్” అన్నాడు.

“అయ్యో సార్, ఇరవై. గది సిఫర్, సున్న. ఎవరికైన తెలుస్తది” అని నరసింగరావు అన్నాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకరి కళ్లలో ఒకరికి కుట్ర కనబడింది కాబోలు. నాకు మాత్రం అప్పుడు మా బడి గుర్తొచ్చింది. నేను, యాదమ్మ, నరసింగరావు నిజాం కాలంలో చదువుకున్న రోజుల్లో మాకు అంకెలు ముందు ఉర్దూలో నేర్పారు. ఉర్దూ లెక్కలో సున్నకు గుండ్రం గీయరు, చుక్క పెడతారు. చేవెళ్ల వైపు కాగితాలు రాసిన పాత పట్వారీలు, అంటే ఊరి కరణాలు, అంకెలను ఇంగ్లీషు పద్ధతిలోకి మార్చుకున్నారు గానీ, సున్న దగ్గర చెయ్యి పాత అలవాటునే వదల్లేదు. రెండు రాసి చుక్క పెడితే మాకు ఇరవై. తెనాలిలో చదువుకున్నామెకు అది రెండు, ఆ తర్వాత అంతే. వసుంధర కూడా అటువైపు బళ్లోనే చదివింది. ఆమెకూ రెండే. ఇద్దరూ కలిశారు, దీపం వెలగలేదు, కార్డుకు గంటు పడింది.

నేను ఈ సంగతి చెప్పాను. కేసు తేలిపోయిందని విచారణాధికారి కలం మూత పెట్టబోయాడు. అప్పుడు సీతారత్నం లేచి నిలబడింది.

“ఒక్క నిమిషం సార్. ఇప్పుడు మొయినాబాద్ కట్ట కూడా తీయించండి. అవి యాదమ్మగారు కొట్టాలి, నేను సరిచూస్తాను. నన్ను పరీక్షించినట్టే అందర్నీ పరీక్షించాలి గదా” అంది.

అది అభియోగానికి సంబంధించింది కాదని నరసింగరావు అడ్డుపడ్డాడు. యాదమ్మ మొహం ఎర్రబడింది. నేను అడ్డుపడలేదు, కట్ట తెప్పించాను. యాదమ్మ కొట్టింది, సీతారత్నం సరిచూసింది. కొన్ని కార్డులు సాఫీగా పోయాయి. తర్వాత వరసగా ఎర్రదీపాలు. ఆ కాగితాలన్నీ ఒకే చేతివ్రాత. సర్వేకు పెట్టిన ఒక బడిపంతులుకు ఏ అంకె రాసినా తర్వాత చుక్క పెట్టే అలవాటుంది. మావాళ్లు దాన్ని సున్న అని చదివారు.

పైనున్న కాగితం మా ఊరిదే, మా పొరుగు ఎల్లయ్యది. నాలుగు, పక్కన చుక్క. యాదమ్మ నలభై కొట్టింది. నలభై గుంటలంటే ఎకరం. ఎల్లయ్య బావి కింద ఉన్నది నాలుగు గుంటల కూరగాయల మడి, ఆ మడిలో వంకాయలు మా ఇంటికి వస్తాయి. ఆ మాట నేనే విచారణాధికారికి చెప్పాను. చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలిసేది కాదు, మా ఊరికి కరెంటు ముందు వచ్చేది. మల్లయ్య గడపలో నిలబడి నన్ను చూసిన చూపు మరిచిపోలేక చెప్పాను.

అంతకుముందు కలగలుపు జతలున్నప్పుడు ఇలాంటి తగాదాలు రోజూ వచ్చేవి. దీపం వెలిగేది, ఇద్దరూ నాలుగు మాటలు అనుకునేవాళ్లు, కాగితం ఎవరు రాశారో చూసి ఒక నిర్ణయానికి వచ్చి సరిచేసేవాళ్లు. ఆ సంగతి ఎవరికీ పెద్దగా తోచలేదు, రాసి పెట్టనూ లేదు. ఒకే బడి అంకెలు నేర్చిన ఇద్దరిని జతచేశాక తప్పులు తగ్గలేదు, తప్పు పట్టేవాళ్లు తగ్గారు. నరసింగరావు నివేదికలో మెచ్చుకున్నది దాన్నే.

ఉత్తర్వు వచ్చింది. అభియోగం రుజువు కానందున, సందేహంలోని లాభాన్ని ఉద్యోగినికి ఇచ్చి తిరిగి విధుల్లోకి తీసుకోవడమైనది అని ఉంది. నరసింగరావు దాన్ని శుభవార్తలా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. సీతారత్నం రెండుసార్లు చదివింది.

“నేను చేరను. సందేహం ఇంకా ఉందనే గదా ఇందులో రాసింది?” అంది.

“ఉద్యోగం తిరిగొచ్చింది గదమ్మా, ఒక్క మాట కోసం పంచాయితీ ఎందుకు?” అని ఆయన నచ్చజెప్పబోయాడు. ఆమె కాగితం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

నాకు మొదట విసుగొచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆమె చెప్పింది నిజమే. ఆధారం చాలక వదిలేశామనడం వేరు, తప్పే చేయలేదనడం వేరు. సర్వీసు రిజిస్టరులో సందేహం అన్న మాట ఉంటే ముందుముందు ఏ అధికారి అయినా దాన్ని తిరగేసి చూపించవచ్చు. సంఘం తరఫున రెండు కోరికలతో అర్జీ రాశాను. అభియోగానికి ఆధారమే లేదని ఉత్తర్వు మార్చాలి. ఒకే చోట అంకెలు నేర్చిన ఇద్దరిని ఒకే జతలో వేయకూడదని, కాగితం రెండు విధాలుగా చదవడానికి వీలుంటే దాన్ని రాసిన మనిషినే అడగాలని, అలా అడగడం ఆపరేటర్ హక్కని నియమం రాయాలి. అర్జీకి బలం రావాలంటే ముల్కీ సభ్యుల సంతకాలు కావాలి. నా ఒక్కదాని సంతకం చూస్తే ఆమె మనిషినంటారు.

యాదమ్మ దగ్గరికే ముందు వెళ్లాను. ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని అర్జీ చదివింది.

“గామె కోసం నేనెందుకు సంతకం పెట్టాలె? గామెను ఎల్లగొడితె ఆ జాగ మనోళ్లకు వస్తది” అంది.

“మొయినాబాద్ కార్డుల మీద ఎవరి నంబరున్నది యాదమ్మా?” అని అడిగాను.

ఆమె అర్జీ మడిచి పక్కన పెట్టింది.

“చేవెళ్ల భూమి తగ్గిచ్చినందుకు గామెను దొంగ అన్నరు. మన దిక్కు భూమి పెంచినందుకు నిన్నేమంటరు? గాలి ఎటు వీస్తదో ఎవలకెరుక. రేపు పైకొచ్చేటోడు ఎవడో, వాని చేతిల గీ ఉత్తర్వు ఉంటది. ఒక్క పేరు తీసి ఇంకొక్క పేరు పెడ్తడు.”

యాదమ్మ అర్జీ మళ్లీ చేతిలోకి తీసుకుంది. “నువ్వు నన్ను బెదిరిస్తున్నవు” అంది. అవునన్నాను. సంతకం పెట్టింది. ఆమె పెట్టాక మిగతావాళ్లూ పెట్టారు. అందరూ పెట్టింది భయంతోనే. దాన్ని ఐక్యత అని కొందరు తర్వాత సభల్లో చెప్పుకున్నారు గానీ, నేను ఆ మాట వాడలేదు.

పైవాళ్లు ఒకేసారి ఒప్పుకోలేదు. ఆమెకు కావాలంటే వేరే ఊరికి బదిలీ ఇస్తామన్నారు. బదిలీ మేము అడగలేదని తిరిగి రాశాను. ఆ రోజులన్నీ ఆమె జీతం లేకుండానే ఉంది. తల్లికి డబ్బు పంపలేక ఎంత ఇబ్బంది పడిందో నాకు చెప్పలేదు. ఆమె గది ఇంటామె చెబితే తెలిసింది. నేను సాయం చేస్తానంటే కాదంది. నా దగ్గర ఏదైనా తీసుకుంటే, అర్జీ వెనక ఏముందని అడిగేవాళ్లకు జవాబు ఉండదని చెప్పింది. అది సరైన ఆలోచన. ఆమె స్థానంలో ఉంటే నేనూ అంతే చేసేదాన్ని.

చివరకు సవరించిన ఉత్తర్వు వచ్చింది. అభియోగానికి ఎలాంటి ఆధారమూ లేదని తేలినందున దాన్ని రద్దు చేయడమైనది అని ఉంది. జతల గురించిన నియమం మాత్రం ఒక్క ఉపకేంద్రానికే వర్తిస్తుందన్నారు. మిగతా కార్యాలయాలకు అది రావడానికి సంఘం ఇంకా చాలా కాలం తిరగవలసి వచ్చింది. చేవెళ్ల, మొయినాబాద్ కట్టలన్నీ మళ్లీ కొట్టాం. ఆలూరు బావులు మళ్లీ నిండాయి, మా ఊరివి తగ్గాయి. మా ఊళ్లో కొంతమంది నాతో కొన్నాళ్లు ముభావంగా ఉన్నారు. ఎల్లయ్య వంకాయలు పంపడం ఆపేశాడు.

సీతారత్నం తిరిగి వచ్చిన రోజు నేను ఉత్తర్వు సంగతి చెప్పాను. ఆమె నమస్కారం చేసింది గానీ యంత్రం ముందు కూర్చోలేదు. సర్వీసు రిజిస్టరు తెప్పించమంది. నరసింగరావు చిరాకు పడుతూ తెప్పించాడు. ఆమె తన పేజీ తెరిచి, పాత నమోదు కొట్టివేసి ఉందా, దాని మీద సంతకం ఉందా, కొత్తది పూర్తిగా ఎక్కించారా అని నిలబడే చదువుకుంది. ఇంత చేసినా సుగుణక్క మాట నమ్మదా అని యాదమ్మ నొచ్చుకుంది. నేను నొచ్చుకోలేదు. ఆ రోజు నుంచి యాదమ్మకు జతగా సీతారత్నాన్నే వేశాను. ఇద్దరికీ ఇష్టం లేదు. నియమం ఉంది కనుక కూర్చున్నారు.

ఈ ఘటన నాకు నేర్పింది ఒకటే. ఒకరినొకరు నమ్మేవాళ్లకు సంఘంతో గానీ నియమాలతో గానీ పెద్దగా పని లేదు, వాళ్ల పని మాటతో జరిగిపోతుంది. ఒకరిమీద ఒకరికి అనుమానం ఉన్నవాళ్లే కూర్చుని నియమం రాసుకోవాలి. ఆ నియమం తమకు నచ్చని మనిషిని కూడా కాపాడేలా రాసుకోవాలి. లేకపోతే అది రేపు తమనూ కాపాడదు. సీతారత్నం, నేను చివరిదాకా స్నేహితులం కాలేదు. ఆమె పదవీ విరమణ కాగితాలు నేనే తయారు చేశాను. ఆమె సర్వీసు రిజిస్టరును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా సరిచూసి సంతకానికి పంపాను. ఆమె దాన్ని మళ్లీ మొదటి నుంచి సరిచూసుకుని అప్పుడే సంతకం పెట్టింది.